ఫిజిక్స్ ప్రాక్టికల్లో రీడింగ్ ఎలా తీయాలి, ప్లస్ ఆర్ మైనస్ ఎంత రాయాలి

ప్రాక్టికల్ పరీక్ష దగ్గరికొస్తోందంటే చాలామంది చేసే పని ఒకటే. రికార్డు ముందేసుకుని ఫార్ములాలు, ప్రొసీజర్, జాగ్రత్తలు బట్టీ పట్టి, చివర్లో ఏ ప్రయోగానికి ఆన్సర్ ఎంత రావాలో గుర్తుపెట్టుకుంటారు. g (గురుత్వ త్వరణం) అయితే 980 సెం.మీ./సె², ధ్వని వేగం అయితే 340 మీ./సె. ఇక ల్యాబ్‌లోకి వెళ్లాక పరికరం ఏం చూపిస్తోందో చూడకుండా, ఆ అంకె వచ్చేలా వెనక నుంచి లెక్క కట్టుకుంటూ రీడింగులు నింపేస్తారు. దయచేసి ఈ పని చేయకండి. తప్పు పని అన్న సంగతి అలా ఉంచితే, దీనివల్ల పోయేది మీ మార్కులే. నిజాయితీగా తీసిన రీడింగుతో 962 వచ్చి, పక్కన ± 20 అని రాసి, ఆ 20 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగినవాడికి ఉన్న బలం, 980.0 అని రాసి నోరు మెదపలేనివాడికి ఉండదు.

ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, బైపీసీ పిల్లల్ని, సీబీఎస్ఈ పన్నెండో తరగతి వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో కేంబ్రిడ్జ్ ఏ-లెవెల్ చదివే మన పిల్లల కోసం కింద ఒక ముక్క విడిగా ఉంది. నీట్, జేఈఈ రాసేవాళ్లకి వెర్నియర్, స్క్రూగేజ్ భాగం అక్కడ కూడా పనికొస్తుంది.

ముందు అసలు సంగతి

ఏ రీడింగ్ అయినా ఒక్క అంకెతో పూర్తికాదు. స్కేలు పెట్టి 24.3 సెం.మీ. అన్నారంటే, అది 24.2 కావచ్చు, 24.4 కావచ్చు, అంతకంటే కచ్చితంగా మీకు తెలియదు. ఆ తెలియని మేరనే అనిశ్చితత్వం అంటాం, దాన్నే ± 0.1 అని రాస్తాం. ఇది తప్పు చేసినట్టు ఒప్పుకోవడం కాదు, ఎంతవరకు తెలుసో చెప్పడం. పరీక్షలో ప్రతి కొలత దగ్గర మీరు చూసుకోవాల్సింది ఇదీ: పరికరం ఎంత చిన్న తేడాని చూపించగలదు, నా చెయ్యీ కన్నూ దానికి ఎంత తేడా కలుపుతున్నాయి, అదే కొలత మళ్లీ తీస్తే ఎంత మారుతోంది. ఈ మూడింట్లో ఏది పెద్దదైతే అదే మీ ±. లీస్ట్ కౌంట్ (పరికరం చూపించగల అతి చిన్న తేడా) ఒక్కటే చూసి అదే అనిశ్చితత్వం అని రాసేయడం చాలామంది చేసే పొరపాటు. డిజిటల్ స్టాప్‌వాచ్ 0.01 సెకను చూపిస్తుంది, నిజమే, కానీ దాన్ని నొక్కేది మీ బొటనవేలు. కంటితో చూసి వేలు కదిపేసరికి సుమారు 0.2 సెకను గడుస్తుంది. కాబట్టి వాచీ ఎంత ఖరీదైనదైనా మీ ± మాత్రం 0.2 సెకను దగ్గరే ఉంటుంది.

స్లిప్ చేతికొచ్చాక

ప్రయోగం పేరు చూడగానే ఫార్ములా రాసి, అందులోని ఒక్కో అక్షరాన్నీ దేనితో కొలుస్తారో పక్కన రాసుకోండి. ఏ అక్షరం మీద వర్గం ఉందో, ఘనం ఉందో దానికి సున్నా చుట్టండి, ఎందుకంటే ఆ కొలతలో ఒక శాతం తేడా ఉంటే జవాబులో అది రెండు శాతమో మూడు శాతమో అవుతుంది. మీ శ్రద్ధ అంతా పోవాల్సింది అక్కడికే.

తర్వాత పరికరాన్ని చూడండి, వెంటనే రీడింగ్ మొదలుపెట్టకండి. స్కేలు అంచు అరిగిపోయి ఉందా? అలాగైతే 0 దగ్గర కాకుండా 10 దగ్గర మొదలుపెట్టి, వచ్చిన రీడింగ్‌లోంచి ఆ 10 తీసేయండి. అమ్మీటరు, వోల్ట్‌మీటరు ముల్లు కరెంటు ఇవ్వకముందే సున్నా మీద లేకపోతే ఎంత పక్కకుందో రాసుకోండి. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) వచ్చి అడిగినప్పుడు "సార్, ఈ వోల్ట్‌మీటరు ముల్లు అర గీత ముందే ఉంది, అన్ని రీడింగుల్లోంచి తీసేశాను" అని చెప్పండి. పుస్తకంలో నేర్చుకోలేని మాట అది, విన్నవాళ్లకి ఆ సంగతి తెలుస్తుంది.

వెర్నియర్, స్క్రూగేజ్

మన ల్యాబుల్లో ఉండే మామూలు వెర్నియర్‌లో ప్రధాన స్కేలు మీద ఒక భాగం 1 మి.మీ., వెర్నియర్ మీద 10 భాగాలు, అంటే లీస్ట్ కౌంట్ 0.1 మి.మీ., అదే 0.01 సెం.మీ. దవడలు పూర్తిగా మూసి జీరో ఎర్రర్ (సున్నా దోషం) ఉందేమో చూడండి. రెండు సున్నాలూ కలిస్తే గొడవ లేదు. వెర్నియర్ సున్నా కుడివైపుకి ఉంటే ధన దోషం, ఏ గీత కలిసిందో అంతే దోషం, దాన్ని రీడింగ్‌లోంచి తీసేయాలి. ఎడమవైపుకి ఉంటే రుణ దోషం. చిక్కంతా ఇక్కడే. ఏడో గీత కలిసిందనుకోండి, చాలామంది దోషం −0.07 అని రాసేస్తారు. కాదు, పదిలోంచి ఏడు తీసేయాలి, దోషం −0.03 సెం.మీ., సవరణ +0.03. ప్రధాన స్కేలు 3.2, కలిసిన గీత 6 అయితే రీడింగ్ 3.26, సవరణ కలిపాక 3.29 సెం.మీ. స్తూపం వ్యాసం తీసేటప్పుడు ఒకసారి తీసి, దాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి కింద పడుతూ లేస్తూ ఉన్న స్తూపం సరిగ్గా గుండ్రంగా ఉంటుందన్న నమ్మకం లేదు.

స్క్రూగేజ్‌కి ముందు పిచ్ మీరే కనుక్కోండి. మరను ఐదు చుట్లు తిప్పి పిచ్ స్కేలు మీద ఎంత జరిగిందో చూసి ఐదుతో భాగించండి. ఎక్కువ కాలేజీల్లో పిచ్ 1 మి.మీ., హెడ్ స్కేలు మీద 100 భాగాలు ఉంటాయి, లీస్ట్ కౌంట్ 0.01 మి.మీ. కానీ పిచ్ అర మి.మీ., 50 భాగాలు ఉన్నవీ దొరుకుతాయి. వాటికీ లీస్ట్ కౌంట్ 0.01 మి.మీ.యే, కానీ పిచ్ స్కేలు రీడింగ్ దగ్గర అర మిల్లీమీటరు పట్టించుకోకపోతే జవాబు మొత్తం పోతుంది. మొనలు రెండూ కలిపి చూసినప్పుడు గీతకి ఎదురుగా 3 ఉంటే దోషం +0.03 మి.మీ., సవరణ −0.03. అదే 97 ఉంటే సున్నా దాటి మూడు భాగాలు ముందుకెళ్లినట్టు, దోషం −0.03, సవరణ +0.03. సున్నా గీతకి పైనుందా, కిందుందా అని గుర్తుపెట్టుకుంటే హాల్లో తిరగబడుతుంది, అంకె చూసి నిర్ణయించుకోవడమే మంచిది.

తీగను బిగించేటప్పుడు పెద్ద తల పట్టుకుని తిప్పకండి, చివర ఉండే రాచెట్ తిప్పండి, టిక్ టిక్ అన్నాక ఆగండి. గట్టిగా బిగిస్తే మెత్తటి రాగి తీగ నొక్కుకుపోతుంది, మీ కొలత నొక్కుకుపోయిన తీగది అవుతుంది. ఇంకోటి, రీడింగ్ దగ్గరికి ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ రండి. కాస్త ముందుకెళ్లిపోయానని వెనక్కి తిప్పితే, మర దారాల మధ్య వదులు వల్ల తల తిరుగుతుంది గానీ మొన కదలదు. అలా జరిగితే బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకు రండి.

లఘులోలకం: దీన్ని బాగా చదవండి

ఈ ప్రయోగం సులువని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం కొలతలు అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం ల్యాబ్‌లో ఇంకోటి లేదనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో చేసే ప్రతి పొరపాటూ జవాబులో తన ముద్ర తాను వదులుతుంది.

దారాన్ని చీల్చిన కార్కు ముక్కల మధ్య గట్టిగా పట్టించండి, వేలాడే బిందువు ఊగుతూ ఉంటే పొడవు మారిపోతూ ఉంటుంది. పొడవు అంటే ఆ బిందువు నుంచి బాబ్ (దారానికి వేలాడే గుండు) కేంద్రం దాకా. దారం పొడవుకి కొక్కెం, బాబ్ వ్యాసార్ధం కలపాలి, వ్యాసార్ధం వెర్నియర్‌తో తీయాలి. పక్కకి లాగేది కొంచెమే. ఐదు డిగ్రీలకి ఆవర్తన కాలంలో (ఒక ఊగుకి పట్టే సమయం, T) వచ్చే తేడా 0.05 శాతం, లెక్కలోకి రాదు. 20 డిగ్రీలు లాగితే కాలం 0.8 శాతం దాకా పెరుగుతుంది, అంటే g విలువ ఒకటిన్నర శాతం తగ్గిపోతుంది. ఊగిసలాట ఎంత బాగా కనిపిస్తే అంత మంచిదనుకుని దూరం లాగేవాళ్లు గమనించాల్సింది ఇదే.

బాబ్ ఆగి ఉన్నప్పుడు దాని కింద బల్ల మీద సుద్దముక్కతో గీత గీయండి. వాచీ నొక్కాల్సింది బాబ్ ఆ గీతని దాటేటప్పుడు, చివర ఆగినప్పుడు కాదు. చివర్లో బాబ్ చాలా నెమ్మదిస్తుంది, ఎప్పుడు ఆగిందో కన్ను పట్టలేదు. మధ్యలో వేగం ఎక్కువ కాబట్టి దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. లెక్క మూడు, రెండు, ఒకటి, సున్నా అని మొదలుపెట్టి, సున్నా దగ్గర వాచీ నొక్కండి. అదే వైపు నుంచి మళ్లీ గీత దాటినప్పుడు ఒకటి. వాచీ నొక్కుతూ "ఒకటి" అన్నారంటే మీ ఇరవై ఊగులు నిజానికి పంతొమ్మిదే.

ఇరవై ఎందుకు? ఒక మీటరు పొడవుకి ఒక ఊగుకి పట్టేది 2 సెకన్లు. ఒక్క ఊగే తీస్తే 0.2 సెకను అనిశ్చితత్వం అంటే పది శాతం, g లో T మీద వర్గం ఉంది కాబట్టి ఇరవై శాతం, అలాంటి కొలతతో ఏ పనీ జరగదు. ఇరవై ఊగులు తీస్తే అదే 0.2 సెకను 40 సెకన్ల మీద పడుతుంది, అర శాతమే. యాభై తీస్తే ఇంకా తగ్గుతుంది, నిజమే, కానీ లెక్క తప్పే అవకాశం పెరుగుతుంది, పరీక్షలో టైమూ చాలదు.

ఒక ఉదాహరణ చేద్దాం. పొడవు 100.0 సెం.మీ., బాబ్ కేంద్రం ఎక్కడుందో కచ్చితంగా చెప్పలేం కాబట్టి ± 0.2. ఇరవై ఊగులకి మూడుసార్లు తీస్తే 40.1, 40.3, 40.2 సెకన్లు వచ్చాయి. సగటు 40.2. రీడింగుల మధ్య తేడాలో సగం 0.1 మాత్రమే, కానీ వేలి ఆలస్యం 0.2 కాబట్టి పెద్దదే తీసుకుందాం. T = 2.01 సెకన్లు, T² = 4.04, g = 4π² × 100 ÷ 4.04, అంటే 977 సెం.మీ./సె². ఇప్పుడు శాతాలు: పొడవులో 0.2, కాలంలో 0.5, దానికి రెట్టింపు 1.0, మొత్తం 1.2 శాతం. 977లో 1.2 శాతం సుమారు 12. కాబట్టి g = (977 ± 12) సెం.మీ./సె², ఇంకా శుభ్రంగా (9.8 ± 0.1) మీ./సె². ఇది రాశాక ఎవరైనా "980 రాలేదేంటి" అంటే భయపడాల్సిన పనే లేదు, 980 మీరిచ్చిన హద్దుల్లోనే ఉంది.

పైగా 980 అనేది మన ఊరి విలువే కాదు. 980.665 అని 1901లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రామాణిక విలువ ఒకటుంది, అది 45 డిగ్రీల అక్షాంశం దగ్గర సముద్రమట్టానికి వచ్చే విలువకి దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ 17 డిగ్రీల చిల్లర అక్షాంశంలో, అర కిలోమీటరు ఎత్తులో ఉంది, ఇక్కడ g సుమారు 978.3. విశాఖలో కొద్దిగా ఎక్కువ, 978.5 దాకా. ఇంటర్ ల్యాబ్‌లో ఆ తేడాని పట్టుకోలేం, అది వేరే విషయం. కానీ రావాల్సిన అంకె అని మీరు పట్టుకు కూర్చున్నదే ఇక్కడిది కానప్పుడు, దాని కోసం రీడింగులు మార్చుకోవడం ఎందుకు?

ఇక పొరపాట్ల ముద్రల సంగతి. g విలువ 1080 చుట్టూ వస్తే మీరు 19 ఊగుల్ని 20 అనుకున్నారు. 890 దగ్గరికి వస్తే 21 ఊగుల్ని 20 అనుకున్నారు. ప్రతి పొడవుకీ విలువ తక్కువ వస్తూ, దారం పొట్టిదయ్యేకొద్దీ ఇంకా తగ్గుతూ పోతే, ఉదాహరణకి మీటరు దగ్గర 967, 40 సెం.మీ. దగ్గర 953 అలా, బాబ్ వ్యాసార్ధం కలపడం మర్చిపోయారన్నమాట. ఇలా తప్పు ఎక్కడుందో పట్టుకుని ఆ రీడింగ్ మళ్లీ తీస్తే అది దిద్దుకోవడం. జవాబు నచ్చలేదని అంకె మార్చేస్తే అది కల్పన. మొదటిది చేయండి, పాత రీడింగ్‌ని చెరిపేయకుండా ఒక్క గీతతో కొట్టేసి పక్కన కారణం రాయండి.

పొడవు, T² గ్రాఫ్ గీయమనేది కూడా ఇందుకే. వ్యాసార్ధం మర్చిపోయినా గ్రాఫ్ గీత మొత్తంగా పక్కకి జరుగుతుందే తప్ప వాలు మారదు, వాలు నుంచి తీసిన g సరిగ్గానే వస్తుంది. గీత మూలబిందువు గుండా పోకుండా ఎక్కడో తగులుతోందంటే పొడవులో ఏదో స్థిరమైన దోషం ఉందని గ్రాఫే చెప్పేస్తోంది.

మీటర్ బ్రిడ్జ్

మీటరు పొడవు తీగ మీద జాకీని (తీగని తాకించే లోహపు మొన) జరుపుతూ, గాల్వనోమీటరు సున్నా చూపే బ్యాలెన్స్ బిందువుతో తెలియని నిరోధం కనుక్కునే ప్రయోగం ఇది. బ్యాలెన్స్ బిందువు ఎక్కడొస్తే అక్కడ రాసేయకండి. జాకీ పెట్టే చోటు మీద 0.2 సెం.మీ. అనిశ్చితత్వం ఉందనుకుంటే, బిందువు 50 దగ్గర వచ్చినప్పుడు నిరోధంలో అది 0.8 శాతం, 10 దగ్గరో 90 దగ్గరో వచ్చినప్పుడు 2.2 శాతం. అందుకే రెసిస్టెన్స్ బాక్స్‌లో విలువ మార్చి బిందువుని మధ్యకి తెచ్చుకోవాలి. జాకీని తీగ మీద రుద్దకండి, ఎత్తి పెట్టండి, రుద్దితే తీగ అరిగి ఒక్కోచోట ఒక్కో మందం అవుతుంది. కుడి ఎడమ గ్యాపులు మార్చి మళ్లీ తీసి సగటు తీసుకుంటే చివరి పట్టీల నిరోధం వల్ల వచ్చే దోషం చాలావరకు తగ్గుతుంది. బ్యాలెన్స్ పొడవులు రెండు వైపులా ఎంత తేడాగా ఉన్నాయో కూడా రాయండి.

విశిష్ట నిరోధం కనుక్కోమంటే అసలు కష్టం బ్రిడ్జ్‌లో లేదు, స్క్రూగేజ్‌లో ఉంది. తీగ వ్యాసం 0.48 మి.మీ., ± 0.01 అనుకోండి, అదే 2.1 శాతం, వర్గం వల్ల 4.2. బ్రిడ్జ్ నుంచి 0.8, 50 సెం.మీ. తీగ పొడవులో 0.2 తేడాకి 0.4. మొత్తం 5.4 శాతంలో నాలుగు శాతం పైచిలుకు ఒక్క వ్యాసం నుంచే వస్తోంది. చాలామంది బ్రిడ్జ్ దగ్గర అరగంట కూర్చుని వ్యాసం మాత్రం ఒక్కసారి చూసి రాసేస్తారు. తిరగేయండి: వ్యాసాన్ని తీగ మీద ఐదు చోట్ల, ఒక్కో చోట రెండు అడ్డదిశల్లో తీయండి.

కుంభాకార కటకం, అనునాద గొట్టం

కటకం దగ్గర ముందు కిటికీ బయటి చెట్టునో భవనాన్నో గోడ మీద పడేలా చేసి నాభ్యంతరం ఉజ్జాయింపుగా తెలుసుకోండి, తర్వాత వెతుకులాట తగ్గుతుంది. తెర మీద ప్రతిబింబం తీక్షణంగా ఉండే చోటు ఒక బిందువు కాదు, కొంత మేర ఉంటుంది. తెరని కటకం వైపు నుంచి జరుపుతూ స్పష్టంగా మారిన చోటు రాసుకోండి, అవతలి వైపు నుంచి వెనక్కి తెస్తూ స్పష్టంగా మారిన చోటు రాసుకోండి. 39.4, 40.2 వచ్చాయంటే కటకం నుంచి ప్రతిబింబం దూరం v = (39.8 ± 0.4) సెం.మీ. స్కేలు మీద మిల్లీమీటర్లు ఉన్నాయి కదా అని ± 0.1 రాస్తే అది మీ కన్ను ఇవ్వని కచ్చితత్వం. వస్తువు దూరం u = (40.0 ± 0.2) అయితే నాభ్యంతరం f = (19.9 ± 0.2) సెం.మీ. వస్తుంది. సూదులతో చేసేటప్పుడు తల అటూ ఇటూ ఊపి చూడండి. సూది, ప్రతిబింబం విడిపోకుండా కలిసే కదిలితేనే దృష్టి విక్షేపం (పారలాక్స్) పోయినట్టు.

అనునాద గొట్టంలోనూ ఇదే పద్ధతి: నీటి మట్టం దిగుతున్నప్పుడు ఒకసారి, ఎక్కుతున్నప్పుడు ఒకసారి. శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) రబ్బరు మెత్త మీదే కొట్టండి. 512 హెర్ట్జ్ దండానికి మొదటి అనునాదం 16.2, రెండోది 50.3 సెం.మీ. వచ్చాయనుకుంటే, రెండింటి తేడా 34.1 సెం.మీ., వేగం = 2 × 512 × 34.1 సెం.మీ./సె., అంటే 349 మీ./సె. ఒక్కో పొడవుకి ± 0.3 ఇస్తే తేడాలో ± 0.6, అది 1.8 శాతం, కాబట్టి (349 ± 6) మీ./సె. ఇక్కడ 340 రాలేదని కంగారుపడేవాళ్లే ఎక్కువ. ధ్వని వేగం సుమారు 331 + 0.6t, ఇక్కడ t అంటే సెల్సియస్ డిగ్రీల్లో ఉష్ణోగ్రత. 340 రావాలంటే గది ఉష్ణోగ్రత 15 డిగ్రీలు ఉండాలి. ఫిబ్రవరి మధ్యాహ్నం మన ల్యాబుల్లో 30 ఉంటే రావాల్సింది 349. థర్మామీటరు చూసి ఉష్ణోగ్రత రాయడం మర్చిపోవద్దు, బట్టీ పట్టిన 340 కోసం సరైన 349ని చెరిపేసుకునేది అది చూడనివాళ్లే.

దోషాలు కలపడం

కూడికైనా తీసివేతైనా, ± విలువల్ని అలాగే కూడండి. గుణకారమైనా భాగహారమైనా శాతాలుగా మార్చి కూడండి. ఘాతం ఉంటే శాతాన్ని ఘాతంతో గుణించండి. తీసివేత దగ్గర కూడా కూడటమే, తీసేయడం కాదు, ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. చివర్లో అనిశ్చితత్వాన్ని ఒక సార్థక అంకెకి సవరించి, జవాబుని కూడా అదే స్థానం దగ్గర ఆపండి. 9.7713 ± 0.12 అని రాస్తే క్యాలిక్యులేటర్ చూపిన అంకెలన్నీ నమ్మినట్టు. 9.8 ± 0.1 చాలు.

పట్టిక, గ్రాఫ్

పట్టికలో యూనిట్లు పైన శీర్షికలో ఒక్కసారి రాస్తే సరిపోతుంది. ఒక నిలువు వరసలో అన్ని రీడింగులకీ దశాంశ బిందువు తర్వాత అంకెలు ఒకేలా ఉండాలి. సరిగ్గా 12 వచ్చినా, స్కేలు మిల్లీమీటరు చూపిస్తుంది కాబట్టి 12.0 అని రాయండి. కల్పించిన పట్టిక ఎలా దొరికిపోతుందో కూడా తెలుసుకోండి: l ÷ T² (l అంటే లోలకం పొడవు) వరసలో 24.81, 24.82, 24.81, 24.82 అని వచ్చిందంటే, చేత్తో వాచీ నొక్కిన మనిషికి అలా రావడం సాధ్యం కాదని ఏళ్లుగా ల్యాబ్‌లో ఉన్న లెక్చరర్‌కి చూడగానే తెలిసిపోతుంది. నిజమైన రీడింగులు 24.5, 25.0, 24.7 అంటూ కాస్త అటూ ఇటూ తిరుగుతాయి. తిరగనివ్వండి.

గ్రాఫ్‌కి పెద్ద గడికి 1, 2, 5 లేదా వాటి పదింతలు తీసుకోండి, 3, 7 తీసుకుంటే బిందువులు పెట్టేటప్పుడే తప్పులొస్తాయి. బిందువులన్నీ కలుపుతూ విరిగిన గీత గీయకండి. గీతకి రెండు వైపులా బిందువులు సమానంగా పడేలా ఒకే సరళరేఖ గీయండి. వాలు తీసేటప్పుడు పట్టికలోని రెండు బిందువులు కాదు, గీత మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్లు తీసుకోవాలి, త్రిభుజం గీతలో సగానికి పైగా ఉండాలి. ఒక్క బిందువు దూరంగా పడితే దాన్ని వదిలేయడానికి ముందు ఆ రీడింగ్ మళ్లీ తీయండి.

కేంబ్రిడ్జ్ ఏ-లెవెల్ రాసేవాళ్లకి

మీ 9702లో (ఏ-లెవెల్ ఫిజిక్స్ సిలబస్ కోడ్) ఈ విషయానికే రెండు పేపర్లున్నాయి. పేపర్ 3 ల్యాబ్‌లో, రెండు గంటలు, 40 మార్కులు. పేపర్ 5 కాగితం మీదే, గంటంపావు, 30 మార్కులు. పేపర్ 3 రెండో ప్రశ్న చివర ప్రయోగంలోని లోపాలు, వాటికి మెరుగుదలలు రాయమంటారు. "మానవ తప్పిదం", "పరికరం సరిగ్గా లేదు", "ఇంకా జాగ్రత్తగా చేయాలి" అని రాస్తే ఏమీ రాదు. ఏ కొలత, ఎందుకు కష్టమైంది, ఏం పెడితే తగ్గుతుంది అని చెప్పాలి: బంతి ఎగిరి ఆగిన ఎత్తు క్షణంలో మారిపోతోంది, పక్కన స్కేలు నిలబెట్టి వీడియో తీసి ఒక్కో ఫ్రేమ్ చూడాలి, ఇలా. రెండే రెండు రీడింగులతో సంబంధం నిర్ధారించలేం, ఇంకా రీడింగులు తీసి గ్రాఫ్ గీయాలి అన్నది చాలా ప్రశ్నలకి పనికొచ్చే మాట.

పేపర్ 5లో బిందువులకి ఎర్రర్ బార్లు (± ఎంతో చూపే చిన్న గీతలు) పెట్టి, మంచి గీత ఒకటి, బార్లన్నింటి గుండా పోగలిగిన అతి నిటారైన గీతో అతి వాలైన గీతో ఇంకోటి గీయమంటారు. రెండు వాలుల మధ్య తేడానే వాలు అనిశ్చితత్వం. రెండో గీతని చుక్కల గీతగా గీసి పేరు రాయండి. ఇంటర్, సీబీఎస్ఈ వాళ్లని ఇది అడగరు, అయినా లోలకం గ్రాఫ్ మీద ఒకసారి ఇంట్లో చేసి చూస్తే మంచిది.

వైవా

సీబీఎస్ఈలో 30 మార్కుల ప్రాక్టికల్‌లో రెండు ప్రయోగాలకి 14, రికార్డుకి 5, వైవాకి 5, మిగతావి యాక్టివిటీకి, ప్రాజెక్టుకి. ఇంటర్‌లో కూడా వైవా ప్రశ్నలు ఎక్కువగా మీరు చేసిన ప్రయోగం చుట్టూనే తిరుగుతాయి. లీస్ట్ కౌంట్ అంటే ఏమిటి, జీరో ఎర్రర్ ఎలా తీశావు, ఇరవై ఊగులే ఎందుకు, సగటు తీస్తే ఏ దోషం తగ్గుతుంది? ఈ చివరిది తప్పకుండా చదువుకోండి. సగటు తీస్తే అటూ ఇటూ మారే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది. జీరో ఎర్రర్ లాంటి క్రమదోషం వంద రీడింగులు తీసినా అలాగే ఉంటుంది, దాన్ని సవరణతోనే తీయాలి.

ఎవరైనా "నీ జవాబు తప్పు కదా" అని పరీక్షించడానికే అన్నా, వెంటనే ఒప్పేసుకుని అంకె మార్చకండి. మీ ± ఎంతో చూసుకోండి. అసలు విలువ ఆ హద్దుల్లో ఉంటే "నా కొలత హద్దుల్లోనే ఉంది సార్" అని మర్యాదగా చెప్పండి. హద్దులు దాటి ఉంటే, ఏ కొలతలో ఏ క్రమదోషం మిగిలిపోయి ఉండొచ్చో ఒకటి పేరు పెట్టి చెప్పండి, టైముంటే ఆ ఒక్క రీడింగ్ మళ్లీ తీస్తానని అడగండి.